వంతెన మధ్యలో ఇచ్చిన బక్షీసు

సూర్యుడు కుంకుమ పళ్ళెంలా పైకి లేచాడు. మేఘమాలినీ పర్వతం అడుగున పచ్చలు, నడుమున నీలాలు, శిఖరాన వజ్రాలు తాపడం చేసినట్టు ధగధగలాడింది. సెలయేళ్ళు వెండి అందెలు కట్టుకున్న కన్నెపిల్లల్లా ఒక రాతి మీంచి ఇంకో రాతి మీదికి గెంతాయి. కస్తూరి మృగాలు తలలెత్తి చూశాయి. ఇంతటి సౌందర్యాన్ని చూడడానికి అక్కడ ఎవరికీ తీరిక లేదు. ఎందుకంటే యువరాజు చిత్రభానుడి మేనత్త అంబుజవల్లి డోలీ బేరమాడుతోంది.

"మనిషికి పది కాసులా! కొండ అమ్ముతున్నావా ఏంటయ్యా? ఆరు చేసుకో."

"ఆరుకైతే అమ్మా, ఇక్కడే కూకుని కొండ గురించి కబుర్లు చెబుతాం," అన్నాడు మోతగాళ్ళ పెద్ద బొండన్న.

"పోనీ ఎనిమిది. అయినా నేనేం అంత బరువుండను."

ఆరుగురు మోతగాళ్ళూ మర్యాదగా మేఘాల వైపు చూశారు.

"అత్తయ్యా! నాన్నగారు ఎండిపోతున్నారు," అన్నాడు యువరాజు, చంకలోని పట్టుమూట చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తూ. లోపల నీళ్ళు గళగళమన్నాయి. నిన్న ఇంతకంటే గట్టిగా అన్నాయి.

మూడు రోజుల కిందట మాంత్రికుడు వక్రఘోణుడు నిండు కొలువులో కుముదనగర ప్రభువు భోగవర్మ మహారాజును కొబ్బరికాయగా మార్చేసి మాయమైపోయాడు. కాయలో నీళ్ళు ఇంకిపోయేలోగా, అంటే ఈ రోజు సూర్యుడు అస్తమించేలోగా, కొండకు అవతల తుషారదేశంలో ఉన్న క్షీరధారా జలపాతంలో ముమ్మారు ముంచితే మహారాజు మళ్ళీ మహారాజవుతాడు. ముంచకపోతే కురిడీ అవుతాడు. కురిడీని సింహాసనం మీద కూర్చోబెట్టి కొలిచే సంప్రదాయం కుముదనగరంలో ఇంకా లేదు.

మాంత్రికుడి కన్నుగప్పడానికి యువరాజు చీరల వర్తకుడిగా వేషం వేశాడు. కత్తిని చీరల చుట్టలో దాచాడు. అంబుజవల్లికి వేషం అవసరం లేకపోయింది. ఆమె రాజుగారి స్వంత చెల్లెలే అయినా, మిఠాయి పొట్లాలకు కట్టిన దారాలు ఉండచుట్టి దాచే మనిషి. పట్టుచీర విప్పి నూలుచీర కట్టింది. చీర కింద నడుముకు తల్లి ఇచ్చిన బంగారు వడ్డాణం మాత్రం విప్పలేదు. ఇంట్లో వదిలిపెట్టి వస్తే పనివాళ్ళ మీద నమ్మకం లేదు. మిగతా మధ్యతరగతి లక్షణాలన్నీ ఆమెకు పుట్టుకతోనే ఉన్నాయి.

చివరికి ఎనిమిదిన్నరకు బేరం తెగింది. డోలీ లేచింది. ఆ తరువాత ప్రయాణం వాయువేగంతో సాగింది. దారి అడిగితే అబద్ధం చెప్పే రాళ్ళ అడవి దాటారు. గుహ అనుకుని కొండచిలువ నోట్లోకి దూరి, అది తుమ్మడంతో బయటపడ్డారు. నిప్పులు కురిసే చరియ కింద తడిగుడ్డలు కప్పుకుని పరిగెత్తారు. ఇన్ని ఆపదల్లోనూ అంబుజవల్లిని వేధించింది ఒక్కటే ప్రశ్న.

"ఒరే చిత్రం, వీళ్ళకి బక్షీసు ఎంతివ్వాలంటావు?"

"మీ ఇష్టం అత్తయ్యా."

"కూలంటే బేరమాడొచ్చు. బక్షీసుకి బేరం ఎవరితో ఆడను? మంత్రిగారి వియ్యపురాలు కిందటేడు ఈ కొండ ఎక్కింది. ఎంతిచ్చావమ్మా అనడిగితే నవ్వి ఊరుకుంది."

"అంటే?"

"అంటే ఏమీ ఇవ్వలేదని. చెప్పు ఉంగటం తెగిందని వంగి కూర్చుని ఉంటుంది, వాళ్ళు వెళ్ళిపోయేదాకా."

కుముదనగరంలో బక్షీసు అనేది మూసిన గుప్పిట్లోంచి మూసిన గుప్పిట్లోకి వెళుతుంది. ఇచ్చేవాడు అటు చూడాలి, పుచ్చుకునేవాడు ఇటు చూడాలి. పని మొదట్లోనే కొంచెం తడిపితే పని చురుగ్గా జరుగుతుందని ఆ నగరంలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అయితే అది నగరం. ఇది కొండ.

మధ్యాహ్నానికి వెయ్యి బారల లోయ మీద తాళ్ళ వంతెన దగ్గరికి చేరారు. కింద పొగమంచు పాలకుండలా పొంగుతోంది. వంతెన సగం దాటేసరికి ఆకాశం నల్లబడింది. మబ్బనుకున్నారు. మబ్బుకి రెండు తలలుండవు. వక్రఘోణుడు పంపిన గండభేరుండం, ఏనుగుల్ని పావురాల్లా ఎత్తుకుపోయే పక్షి, రెక్కలు చాచి దూసుకొస్తోంది.

"పదండి! పదండి!" అని అరిచాడు యువరాజు.

అంబుజవల్లి సమయస్ఫూర్తిగల స్త్రీ. వెంటనే రొంటిన ఉన్న సంచిలోంచి ఆరు వెండికాసులు తీసి, అటు చూస్తూ, బొండన్న గుప్పిట్లో కుక్కింది. "ఇది మీ చేతి ఖర్చుకి. కాస్త కాళ్ళాడించండి నాయనా!"

బొండన్న ఆగాడు. మిగతా ఐదుగురూ ఆగారు. డోలీని వంతెన నడిమధ్యన, పువ్వును దింపినంత నాజూగ్గా దింపారు. వరసగా నిలబడి చేతులు జోడించారు.

"చాలా సంతోషమమ్మా. కేసెమంగా ఎల్లి రండి," అన్నాడు బొండన్న. ఆరుగురూ వెనక్కి తిరిగారు.

"ఎక్కడికయ్యా?"

"ఇంటికమ్మా. బక్షీసు ముట్టింది కదా."

"ముడితే?"

"పని అయిపోయినట్టే కదమ్మా. కొండ మీద బక్షీసు ఇవ్వడమంటే 'ఇంక చాలు, ఎల్లండి' అనడమే. మా తాతల నాటి నుంచీ అంతే. ఇచ్చాక ఒక్క అడుగేసినా మోసినోళ్ళ పరువు పోద్ది."

"అయ్యో, అయితే తిరిగిచ్చెయ్యి!"

బొండన్న ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "పుచ్చుకున్నది తిరిగిస్తే కొండదేవర కాలు ఇరిచేస్తాడు తల్లీ. కావాలంటే మళ్ళీ కొత్తగా మాట్లాడుకోండి. కాకపోతే బేరం కొండ కింద నుంచే మొదలెట్టాలి. కిందకి దిగాలి, మళ్ళీ ఎక్కాలి."

"ఎనిమిదిన్నరకేనా?"

"అత్తయ్యా!" అన్నాడు యువరాజు.

మోతగాళ్ళు వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. వంతెన ఊగింది. పక్షి వాలింది. యువరాజు చీరల చుట్ట విదిలించి కత్తి దూశాడు. మెరుపులా ఎగిరి కుడి తల మీద కొట్టాడు. ముక్కుకు తగిలి కత్తి కొడవలిలా వంగిపోయింది. ఎడమ తల మీద కొట్టాడు. కత్తి మళ్ళీ తిన్నగా అయింది. ఈలోగా పక్షి పంజా చాచి పట్టుమూటను పట్టుకుంది. యువరాజు ఇటు లాగాడు, పక్షి అటు లాగింది. మూటలో మహారాజు గళగళమన్నాడు.

"ఆ కాయ ఇటివ్వు," అంది కుడి తల.

"మర్యాదగా అడుగు," అంది ఎడమ తల.

యువరాజుకు మెరుపులా ఒక ఆలోచన వచ్చింది. "అయ్యా, మీరు ఈ కొండవాళ్ళేనా?"

"పుట్టింది ఇక్కడే, పొదిగింది ఇక్కడే," అంది కుడి తల గర్వంగా.

"వక్రఘోణుడి దగ్గర ఎన్నాళ్ళ నుంచి పని?"

"మూడొందల ఏళ్ళు."

"బక్షీసు ఏమైనా ఇస్తాడా?"

రెండు తలలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"పనయ్యాక చూద్దాం అంటాడు," అంది ఎడమ తల.

"పండక్కి కూడా అదే మాట," అంది కుడి తల. దాని కంట్లోంచి గుమ్మడికాయంత నీటిబొట్టు లోయలోకి జారింది.

యువరాజు ఒక చేత్తో మూట పట్టుకుని రెండో చేయి వెనక్కి చాచాడు. "అత్తయ్యా, రెండు కాసులు!"

"రెండెందుకు? తలలు రెండైనా కడుపు ఒకటేగా! ఒకటి చాలు."

ఎడమ తల గాయపడినట్టు చూసింది. పంజా బిగిసింది. కొబ్బరికాయ చిప్ప కిర్రుమంది.

"ఇస్తున్నా, ఇస్తున్నా! ఎంత తొందర!" అంబుజవల్లి సంచిలో వెతికి రెండు కాసులు తీసింది. అందులో ఒకటి బొమ్మంతా అరిగిపోయినది. అంగట్లో ఎవరూ తీసుకోక ఏడేళ్ళుగా ఆమె సంచిలో కాపురముంటోంది. అది ఎడమ తలకి వెళ్ళింది. ఎడమ తల దాన్ని కొరికి చూసింది, తిప్పి చూసింది.

"పర్లేదమ్మా. ఇచ్చారు, అదే చాలు," అంది.

పంజా వదిలింది. గండభేరుండం రెండు తలలూ వంచి నమస్కరించి, "మా పని అయిపోయింది. క్షేమంగా వెళ్ళి రండి," అని రెండు గొంతులతో దీవించి, ఇంటి వైపు ఎగిరిపోయింది.

అంబుజవల్లి డోలీ దిగి మిగిలిన వంతెనంతా చకచకా నడిచేసింది. ఉదయం నుంచీ కూడా నడవగలిగేదే. కానీ డబ్బిచ్చి మాట్లాడుకున్నాక నడవడం ఏ మధ్యతరగతి శాస్త్రంలోనూ లేదు.

వంతెన అవతల తుషారదేశం. అక్కడ మంచు పొద్దుటి మల్లెపూలు పరిచినట్టుంది. దేవదారు చెట్లు తెల్లని పగిడీలు చుట్టుకుని కాపలా కాస్తున్నాయి. సరిహద్దు రాయి మీద ముప్పై ఏళ్ళ స్త్రీ ఒకతె కూర్చుని ఉంది. వీపున గంప, భుజాన తాడు, మెడలో జడలబర్రె కొమ్ముతో చేసిన బూర.

"నా పేరు సోమిలి. క్షీరధారకేనా? సాయంత్రం లోపల చేరుస్తా. కూలి పన్నెండు, ఇక్కడ బేరం లేదు," అందామె లేచి.

"బక్షీసు?" అంది అంబుజవల్లి భయంభయంగా. "ఎప్పుడివ్వాలి? ఇస్తే వెళ్ళిపోతావా? ఇవ్వకపోతే వెళ్ళిపోతావా? ముందే చెప్పమ్మా, మేం కొత్తవాళ్ళం."

సోమిలి నవ్వింది. "వంతెన అవతలి పద్ధతి మాకు లేదమ్మా. ఇక్కడ సరుకు దింపాక, జలపాతం వాకిట్లో ఒక రాతి బల్ల ఉంటుంది. దాని మీద అందరూ చూస్తుండగా పెట్టాలి. పెట్టకుండా వాకిలి దాటకూడదు. మీరేం పెట్టారో నేను బూర ఊది చెబుతాను. ఎదురు కొండలు మూడుసార్లు తిరిగి చెబుతాయి."

అంబుజవల్లి ముఖం పాలిపోయింది. "ఎంతిచ్చామో అందరూ వింటారా!"

"వినాలిగా మరి. ఎలాంటివాళ్ళు వచ్చారో మిగతా మోతగాళ్ళకి తెలియొద్దూ? బంగారమైతే రాజులు. వెండైతే వర్తకులు. ఏమీ పెట్టకపోతే బూరలో ఉత్త గాలి ఊదుతాం. ఆ గాలి వాళ్ళ వెంట వాళ్ళ ఊరిదాకా వెళుతుంది."

యువరాజు అత్త చెవిలో గొణిగాడు. "అత్తయ్యా, జాగ్రత్త. జలపాతం దగ్గర వక్రఘోణుడు పొంచి ఉంటాడు. బంగారమని వినిపించిందా, వచ్చినవాళ్ళు రాజులని వాడికి తెలిసిపోతుంది. వెండే పెట్టాలి."

"బంగారమా? నేనా?" అంది అంబుజవల్లి.

ఆ వైపు నుంచి ప్రమాదం లేదని యువరాజు ధైర్యం తెచ్చుకున్నాడు.

పట్టుమూట సోమిలి గంపలోకి వెళ్ళింది. సూర్యుడు పడమటికి వాలుతున్నాడు. మంచుపెళ్ళలు ఏనుగుల మందల్లా ఘీంకరిస్తూ దొర్లిపడుతుంటే, సోమిలి వాటి మధ్య నుంచి పెళ్ళివారిని విడిదికి తీసుకెళ్ళినట్టు ఇద్దరినీ నడిపించింది. మంచుకోతులు జట్టుగా వచ్చి రాళ్ళు విసిరితే, ఆమె ఆ రాళ్ళే మెట్లుగా పేర్చి పైకి ఎక్కించింది. అంతలో కాళ్ళ కింద నేల ఫెళ్ళున చీలింది. ముగ్గురూ మూడు వైపులకు పడ్డారు. గంప ఒరిగింది. మూట జారి మంచుపగులులోకి పడిపోయింది. ఎక్కడో అడుగున ఠంగుమని చప్పుడు వినిపించింది.

"అన్నయ్యా!" అని కేక పెట్టింది అంబుజవల్లి. వెంటనే సర్దుకుని, "అన్నయ్య ఇచ్చిన కొబ్బరికాయ!" అంది.

యువరాజు పగులులోకి దూకబోయాడు. సోమిలి రెక్క పట్టి ఆపింది. "తాడు ముడి వేయడం వచ్చా?"

"రాజనీతి వచ్చు. అంటే... చీర మడతలు వచ్చు."

"అయితే పక్కకి కూర్చోండి."

ఆమె తాడు ఒక కొస రాతికి బిగించి, రెండో కొస నడుముకు కట్టుకుని, ఆ నీలపు చీకట్లోకి దిగిపోయింది. తాడు బిగిసింది, వదులైంది, మళ్ళీ బిగిసింది. పగులు అంచులు దగ్గరవుతున్నాయి. సూర్యుడు ఇంకో మూర దిగాడు. అంబుజవల్లికి తెలిసిన దేవుళ్ళంతా అయిపోయి, తెలియని దేవుళ్ళకు మొక్కుకుంటుండగా ముందు మూట, ఆ వెనక సోమిలి పైకి వచ్చారు. మరుక్షణం పగులు దవడలా మూసుకుంది.

యువరాజు మూట ఆడించాడు. లోపల ఒకే ఒక్కసారి గళుక్కుమంది.

"ఎందుకమ్మా అంత సాహసం?" అంది అంబుజవల్లి. "నీ లెక్కన అది ఉత్త కొబ్బరికాయేగా!"

"నా గంపలోకి ఎక్కాక ఉత్తదేముందమ్మా? దింపేదాకా నాదే," అంది సోమిలి. మళ్ళీ గంప ఎత్తుకుంది.

సూర్యుడు ఇక బారెడు ఎత్తున ఉన్నాడనగా క్షీరధారా జలపాతం వాకిట్లోకి చేరారు. ఆ ధార గురించి ఏం చెప్పాలి! ఆకాశం నుంచి ఎవరో పట్టుతెర విప్పి వదిలినట్టుంది. దాని మీద పడిన ఎండ నూరు ఇంద్రధనుస్సులై నర్తిస్తోంది. వాకిలి గట్టును ఒరుసుకుంటూ అది కింద అగాధంలోకి దూకుతోంది. వాకిట్లో రాతి బల్ల. బల్ల పక్కన సోమిలి గంప దింపి, మూట యువరాజు చేతికిచ్చి, ఏమీ అడగకుండా పక్కకు తిరిగి నిలబడింది.

అంబుజవల్లి సంచి విప్పింది. దారి పొడుగునా ఆమె కట్టిన లెక్క సిద్ధంగా ఉంది. ఏడు వెండికాసులు, మూడు రాగివి. ఏడైతే లేనివాళ్ళని అనుకోరు. పదైతే ఉన్నవాళ్ళని అనుకుంటారు. పైన మూడు రాగికాసులు ఉంటే, పాపం ఉన్నదంతా ఊడ్చి ఇచ్చారని అనుకుంటారు. ఇంత చక్కని మొత్తం ఏ వర్తకుడికీ తట్టదు. యువరాజు మెచ్చుకోలుగా తల ఊపాడు.

కాసులు బల్ల మీద పెట్టబోతూ ఆమె సోమిలి చేతులు చూసింది. తాడు ఒరుసుకుని రెండు అరచేతులా తోలు లేచిపోయింది. సోమిలి వాటిని మంచులో అద్దుకుంటూ, ఎవరూ చూడడం లేదనుకుంటోంది.

అంబుజవల్లి ఏడు కాసుల వంక చూసింది. మళ్ళీ ఆ చేతుల వంక చూసింది. ఆమె చేయి తన నడుము దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యా, వద్దు," అన్నాడు యువరాజు.

"నువ్వూరుకో."

"వాడు వింటాడు!"

"విననీ. వాడు మాత్రం ఏనాడైనా ఎవరికైనా ఒక్క కాసు ఇచ్చిన మొహమా?"

బంగారు వడ్డాణం రాతి బల్ల మీద ఖంగుమంది. సోమిలి తిరిగి చూసి నిలువునా కొయ్యబారింది.

"అమ్మా, పొరపాటున పెట్టారేమో."

"పొరపాటే. తొందరగా ఊదు తల్లీ, ఇంకాసేపుంటే నా మనసు మారిపోతుంది."

సోమిలి బూర ఎత్తింది. "బంగారు వడ్డాణం!" అంది బూర. "బంగారు వడ్డాణం!" అన్నాయి ఎదురు కొండలు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

ధార వెనక నుంచి నల్లని పొగ సుళ్ళు తిరుగుతూ లేచింది. అందులోంచి ముక్కు ముందు వచ్చింది. రెండు వంకరలు తిరిగిన ఆ ముక్కు వెనక, కాస్త ఆలస్యంగా, వక్రఘోణుడు వచ్చాడు. "హహ్హహ్హా! చీరల వర్తకుడా! ఆ కాయ ఇటు..."

మాట పూర్తి కాలేదు. బూర విన్నది వాడొక్కడే కాదు. తుషారదేశంలోని మోతగాళ్ళంతా విన్నారు. చరియల మీంచి జారుతూ, చెట్ల మీంచి దూకుతూ, మూడొందల మంది వాకిట్లోకి ఊడిపడ్డారు. వడ్డాణాలు ఇచ్చే యాత్రికులెవరో వాళ్ళకు తెలియదు. అందరికంటే ఎత్తున, గాల్లో, నిగనిగలాడే పట్టు అంగీతో కనిపించినవాడు మాంత్రికుడే.

"స్వామీ, డోలీ కావాలా?"

"గాల్లో నిలబడ్డం ఎందుకు స్వామీ, కాళ్ళు నొప్పెట్టవూ! ఎక్కండి!"

"ఛట్! ఫట్! దూరం పొండి!"

"ఛట్ కి ఎంత, ఫట్ కి ఎంత, ముందే మాట్లాడుకుందాం స్వామీ!"

పాతిక చేతులు వక్రఘోణుణ్ణి కాళ్ళు పట్టి కిందికి లాగి డోలీలో కుదేశాయి. మంత్రం మొదలుపెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు గొంగళి కప్పుతున్నారు.

"ఇదే అదను!" అని యువరాజు ధారలోకి దూకాడు. కొబ్బరికాయను మొదటిసారి ముంచాడు. పీచంతా రాలిపోయి, కాయ మీది కన్నుల్లో రెండు నిజమైన కళ్ళయి టపటపలాడాయి. రెండోసారి ముంచాడు. కింద నోరు తెరుచుకుంది. నోటి మీద భోగవర్మ మహారాజు మీసం, మూరెడు పొడుగున, అటూ ఇటూ సర్రున మొలిచింది. మహారాజు మూడు రోజుల తరువాత ఊపిరి పీల్చుకుని, కొడుకును చూసి, గట్టు మీద ఉన్న చెల్లెల్ని చూసి, నోరు విప్పాడు.

"అంబుజం, నీ నడుము బోసిగా ఉందేమే? అమ్మ వడ్డాణం ఏదీ?"

"బక్షీసు ఇచ్చానన్నయ్యా."

"బక్షీసా!!"

ఆ కేకతో మహారాజు యువరాజు చేతుల్లోంచి ఎగిరిపడ్డాడు. ధార అంచున ఒక రాతికి తగిలి, ఇంకో రాతి మీద గెంతి, "వడ్డాణమే! వడ్డాణమే!" అని అరుస్తూ అగాధంలోకి జారిపోయాడు. యువరాజు ఊపిరి బిగబట్టి వెనకాలే దూకాడు. అదే క్షణంలో వక్రఘోణుడు గొంగళి చించుకుని, డోలీలోంచి బాణంలా లేచి, తానూ దూకాడు. సోమిలి తాడు విసిరింది. ఉచ్చు యువరాజు చీలమండకు పడి బిగిసింది. అతను తలకిందులుగా వేలాడుతూ చేయి చాచాడు. మీసం ఎడమ సగం చిక్కింది. కుడి సగం అప్పటికే మాంత్రికుడి గుప్పిట్లో ఉంది.

"ఒరే, లాగకండ్రా! ఎవరో ఒకరు వదలండి! వద్దు, ఎవరూ వదలకండి!" అన్నాడు మహారాజు ఇద్దరి మధ్య.

సూర్యుడు బెత్తెడు మిగిలాడు. కింద నూరు బారల లోతున క్షీరధార మడుగు తెల్లగా మరుగుతోంది. మూడో మునక అక్కడే ఉంది. పైకి లాగితే పొద్దు గుంకుతుంది. మీసం వదిలితే మహారాజు మాంత్రికుడి పాలవుతాడు. మాంత్రికుడు ముక్కుతో నవ్వాడు. పైన గట్టు మీద అంబుజవల్లి కళ్ళు మూసుకుంది.

"సోమిలీ!" అని అరిచాడు యువరాజు. "తాడు వదిలెయ్!"

సోమిలి లోతు చూసింది, పొద్దు చూసింది, తన చేతులు చూసుకుంది. తాడు వదిలేసింది.

యువరాజు, మహారాజు, మాంత్రికుడు, ముగ్గురూ ఒకే మీసానికి వేలాడుతూ, గిరగిరా తిరుగుతూ, మరిగే మడుగులోకి తలకిందులుగా దూసుకుపోయారు.